గడ్డిలో మొలిచిన ఆ చిన్న నీలి పుట్టగొడుగు ఏమిటి, ఫోటో చూసి పేరు ఎందుకు చెప్పలేం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గచ్చిబౌలి వైపు మీ కాలనీ వెనక రాళ్లూ గడ్డీ ఉన్న ఖాళీ జాగాలో, వరసగా వానలు పడ్డాక, టోపీ అంగుళం కూడా లేని నీలం-నలుపు పుట్టగొడుగులు నాలుగైదు కనిపించాయి. పైనుంచి ఫోటో తీశారు. మూడు యాప్‌లలో పెడితే ఒకటి మైసీనా అంది, ఒకటి పానియోలస్ అంది, ఇంకొకటి ఎంటొలోమా సెర్రులేటమ్ అంది. వీటిలో ఏది నిజం, ఇది ఎవరూ చూడని కొత్త జాతి కావచ్చా, తినొచ్చా అని మీ ప్రశ్న.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఇది ఎంటొలోమా అనే ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకి) చెందినది కావడానికే ఎక్కువ అవకాశం. జాతి పేరు మాత్రం ఈ ఫోటో చూసి ఎవరూ నిజాయితీగా చెప్పలేరు. తినొద్దు. కొత్త జాతి అయ్యే అవకాశం లేకపోలేదు, కానీ అది తేలాలంటే మీరు ఇప్పుడు, అవి వాడిపోకముందే, కొన్ని పనులు చేయాలి. ఆ పనులేమిటో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్తాను, వానాకాలం వస్తే హైదరాబాద్ చుట్టుపక్కల గడ్డి నేలల్లో పుట్టగొడుగులు వెతకడం, రాసుకోవడం, ఎండబెట్టి దాచడం చాలా ఏళ్లుగా నా పని.

ఎంటొలోమా అని ఎందుకు అంటున్నానంటే, మీ ఫోటోలో ఎడమ పక్కన ఒకటి వాలిపోయి ఉంది చూడండి. దాని కింది భాగం కొంచెం కనిపిస్తోంది, గిల్స్ (టోపీ కింద ఉండే పల్చటి రేకులు) తెలుపు నుంచి లేత గులాబీకి తిరుగుతున్నాయి. ఫోటో మొత్తంలో నాకు నిజంగా పనికొచ్చిన ఆధారం అదొక్కటే. ఎంటొలోమాల్లో స్పోర్లు (సిద్ధబీజాలు) గులాబీ రంగులో ఉంటాయి, అవి పక్వానికి వచ్చేకొద్దీ గిల్స్ మీద ఆ రంగు తేలుతుంది. మైసీనాకి స్పోర్లు తెలుపు. పానియోలస్‌కి నలుపు, అదీ ఎక్కువగా పేడ మీదో, పేడ ఎరువు వేసిన నేలలోనో వస్తుంది, గిల్స్ మచ్చలు మచ్చలుగా నల్లబడతాయి. కాబట్టి ఆ రెండు పేర్లూ పక్కన పెట్టేయొచ్చు. యాప్‌కి మీరిచ్చింది టోపీ పై భాగం మాత్రమే, ఈ చిన్న పుట్టగొడుగుల్లో అసలు సంగతంతా కింది భాగంలో ఉంటుంది.

మొదటి పని స్పోర్ ప్రింట్, అంటే టోపీ నుంచి రాలిన స్పోర్ల పొడి అచ్చు తీయడం. దీనికి మైక్రోస్కోప్ అక్కర్లేదు, ఖర్చు లేదు, రాత్రి పెడితే పొద్దున్నకి తెలిసిపోతుంది. టోపీని కాడ నుంచి వేరు చేసి, గిల్స్ కిందికి వచ్చేలా ఒక గాజు ముక్క మీద పెట్టండి. ఇంత చిన్న టోపీ తొందరగా ఎండిపోతుంది, అందుకని పైన ఒక చుక్క నీళ్లు వేసి, గిన్నె బోర్లించి, ఫ్యాన్ గాలి తగలని చోట వదిలేయండి. కాగితం కన్నా గాజు ఎందుకంటే, కింద తెల్ల కాగితం ఒకసారి, నల్ల కాగితం ఒకసారి పెట్టి చూస్తే లేత రంగులు కూడా తప్పించుకోవు, పైగా ఆ పొడిని తర్వాత బ్లేడుతో గీకి మైక్రోస్కోప్ కింద పెట్టుకోవచ్చు. ఆ గాజు ముక్కని పారేయకుండా కాగితంలో చుట్టి దాచండి.

గులాబీ రంగు వచ్చిందంటే వెంటనే ఎంటొలోమా అనేయకండి, గులాబీ స్పోర్లు ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు. ప్లూటియస్ ఉంది, అది కుళ్లిన చెక్క మీద వస్తుంది, దాని గిల్స్ కాడకి తగలకుండా విడిగా ఆగిపోతాయి. వోల్వారియెల్లా ఉంది, అంటే మనం వరిగడ్డి మీద పెంచి అమ్మే పుట్టగొడుగు కుటుంబం, దాని కాడ అడుగున సంచిలాంటి తొడుగు ఉంటుంది. టెర్మిటోమైసిస్ కూడా గులాబీ రంగే, అవి చెదపుట్టల దగ్గర వస్తాయి. ఎంటొలోమాలో గిల్స్ సాధారణంగా కాడకి అంటుకుని ఉంటాయి, సంచి ఉండదు, చెదతో సంబంధం లేదు. అందుకే తవ్వేటప్పుడు కాడని గిల్లేయకుండా ఖుర్పీతో కింద మట్టితో సహా లేపండి. మొదలు భాగం పోతే ఈ తేడాలన్నీ పోతాయి.

ఇక్కడ ఒక అనుభవం చెప్పాలి. వికారాబాద్ వైపు నుంచి ఒకామె పుట్ట దగ్గర ఏరిన చిన్న తెల్ల పుట్టగొడుగులు తెచ్చారు, వందల్లో ఉన్నాయి. చూడగానే తెలుస్తుంది, టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్. 1871లో బర్క్లీ, బ్రూమ్ అనే ఇద్దరు సిలోన్ నమూనాల నుంచి దీనికి పేరు పెట్టారు, 1942లో రోజర్ హైమ్ టెర్మిటోమైసిస్ అనే ప్రజాతిని ఏర్పరిచి ఇందులో చేర్చారు. మన పల్లెల్లో తరతరాలుగా వండుకుంటున్నదే. అయితే ఆ రాశిలో రెండు మూడు కొంచెం బూడిద రంగువి ఉన్నాయి. స్పోర్ ప్రింట్ రెండిటికీ గులాబీయే వచ్చింది. మైక్రోస్కోప్ కింద పెడితే తెల్లవాటి స్పోర్లు నున్నగా, కోలగా ఉన్నాయి, బూడిదవాటివి మాత్రం పటికబెల్లం పలుకుల్లా కోణాలు కోణాలుగా ఉన్నాయి. అవి ఎంటొలోమాలు. ఆమెకి మొత్తం చూపించి, వేరు చేసి ఇచ్చాను. ఎంటొలోమాల్లో కడుపుని బాగా ఇబ్బంది పెట్టే విషపు జాతులు ఉన్నాయి, యూరప్‌లో ఎంటొలోమా సైనువేటమ్ అందుకు పేరుమోసింది. మీ నీలి రకం విషపుదా కాదా అన్నది పేరే తెలియనప్పుడు ఎవరు చెప్పగలరు? ముట్టుకుంటే ఏమీ కాదు, టెన్షన్ పడకండి, పిల్లలు పట్టుకుంటే చేతులు కడిగిస్తే చాలు. నోట్లోకి మాత్రం వెళ్లకూడదు.

గడ్డిలో వచ్చే మిగతావాటి గురించి రెండు ముక్కలు, ఎందుకంటే చాలామంది అన్నిటినీ కుక్కగొడుగులని ఒకే గాటన కట్టేస్తారు. అపార్ట్‌మెంట్ లాన్‌లో గోధుమ-పసుపు రంగు గుండ్రటి చిన్న టోపీ కనిపిస్తే అది చాలాసార్లు అగ్రోసైబి పీడియాడిస్, స్పోర్లు గోధుమ రంగు. తెల్లవారుజామున సన్నగా కోన్ ఆకారంలో నిలబడి ఎండ ఎక్కేసరికి వాలిపోయేవి కొనోసైబి రకాలు, వాటి స్పోర్లు తుప్పు రంగు. మడతలు మడతల గొడుగులా పల్చగా ఉండి ఒక్క పూటలో పోయేది పారాసోలా, నల్ల స్పోర్లు. అరచేతి కన్నా పెద్దగా, తెల్లగా, పైన గోధుమ రంగు పొలుసులతో, చూడ్డానికి వండుకోవాలనిపించేలా ఉండేది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. దాని స్పోర్ ప్రింట్ ఆకుపచ్చ, తిన్న కొద్ది గంటల్లో వాంతులు, విరేచనాలు. లాన్‌లో వచ్చేవాటిలో మీ ఇంట్లోవాళ్లకి తప్పకుండా చూపించాల్సింది అదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పేరు కన్నా ముందు వర్ణన కావాలి. పుట్టగొడుగు తాజాగా ఉన్నప్పుడు చూసి రాసుకోవాల్సినవి, ఎండాక ఏ మైక్రోస్కోపూ తిరిగి చెప్పలేదు. అనంతగిరి నుంచి ఒకాయన ఎండిన పొట్లం పంపారు, ఎంతో శ్రద్ధగా ఎండబెట్టారు, స్పోర్లు చక్కగా కొలిచాను, కోణాలున్నాయి, ఎంటొలోమా అని తేలింది. అక్కడితో ఆగిపోయాను. తాజాగా ఏ రంగు? గిల్స్ అంచు వేరే రంగులో ఉందా? టోపీ తడి ఆరితే రంగు మారిందా? ఏదీ రాయలేదు. పొట్లంలో ఉన్నది నల్లటి పీచు. ఎంటొలోమాలో వెయ్యికి పైగా జాతులున్నాయి, ఆ మూడు ప్రశ్నలకి జవాబు లేకుండా వాటి మధ్య దారి దొరకదు.

మీరు ఎలా రాయొచ్చో ఒక నమూనా ఇస్తాను. అంకెలు మీ ఫోటో, మీరు చెప్పిన కొలతల్ని బట్టి నేను ఊహించి వేసినవి, మీరు స్కేలు పెట్టి సరిచేయండి:

"టోపీ 12–20 మి.మీ., లేతప్పుడు గుమ్మటంలా, తర్వాత చదునుగా, మధ్యలో చిన్న గుంట. మధ్యభాగం నీలం-నలుపు, అంచు వైపు ఉక్కు నీలం. మధ్యలో సన్నటి పొలుసులు, అంచు దగ్గర నారలు. అంచున గిల్స్ గీతలు పైకి కనిపించవు. ఆరినా రంగు పెద్దగా మారలేదు. గిల్స్ కాడకి అంటుకుని, కాడ మీదికి కాస్త దిగే చిన్న పంటితో, కొంచెం ఎడంగా, మొదట నీలిఛాయ ఉన్న తెలుపు, తర్వాత గులాబీ. అంచు: (చూసి రాయాలి). కాడ 30–45 మి.మీ. పొడవు, 1.5–2 మి.మీ. మందం, నున్నగా, నీలి బూడిద, అడుగున తెల్లటి నూగు. లోపలి కండ పల్చన. వాసన: (చూసి రాయాలి). స్పోర్ ప్రింట్ గులాబీ. రాళ్ల మధ్య గడ్డిలో, పశువులు మేసే చోట, నాలుగైదు ఒకే దగ్గర. తేదీ, చోటు."

అంతే. పది నిమిషాల పని. ఇందులో నేను ఖాళీ వదిలిన రెండూ చాలా ముఖ్యం. గిల్స్ అంచుని చేతి లెన్స్‌తో చూడండి, 10 రెట్లు పెద్దది చేసి చూపించేది చాలు. అంచు పొడవునా నీలం-నలుపు గీత ఉండి, సన్నగా రంపపు పళ్లలా ఉందనుకోండి, అప్పుడు మూడో యాప్ చెప్పిన సెర్రులేటమ్ గుంపు వైపు ఆలోచించొచ్చు. అంచు గిల్స్ రంగులోనే నున్నగా ఉంటే ఆ పేరు పక్కకి పోతుంది. వాసనకి ఒకదాన్ని వేళ్ల మధ్య నలిపి చూడండి, కొన్ని ఎంటొలోమాలు అప్పుడే పట్టించిన పిండి వాసన వేస్తాయి, కొన్నిటికి ఏ వాసనా ఉండదు. రుచి చూడమని పుస్తకాల్లో ఉంటుంది, మీరు చూడొద్దు.

రంగు గురించి ఒక మాట. ఫోన్ కెమెరాలు ఈ ముదురు నీలాన్ని సరిగ్గా పట్టవు, ఒకసారి నలుపుగా, ఒకసారి ఊదాగా చూపిస్తాయి. ఎండలో కాకుండా నీడలో తీయండి, పక్కన ఒక తెల్ల కాగితం ముక్క ఫ్రేములో ఉండేలా పెట్టండి. నేనైతే పెయింట్ షాపులో ఇచ్చే షేడ్ కార్డు జేబులో పెట్టుకుని వెళ్తాను, టోపీ పక్కన పెట్టి ఏ గడికి దగ్గరగా ఉందో ఆ నంబరు రాసుకుంటాను. "ముదురు నీలం" అని రాస్తే చదివేవాళ్లు తలో రంగూ అనుకుంటారు, నంబరు రాస్తే ఆ గొడవ లేదు. ఫోటోలు కనీసం నాలుగు కావాలి: ఉన్నచోట ఉన్నట్టుగా, పైనుంచి, కిందనుంచి, నిలువుగా కోసి. పక్కన స్కేలు పెట్టండి.

తెచ్చేటప్పుడు పాలిథీన్ కవర్లో వేయకండి, ఇంటికి వచ్చేసరికి ముద్ద అవుతుంది. పాత పోపుల డబ్బా ఉంటే అంతకన్నా మంచిది లేదు, ఒక్కో గిన్నెలో ఒక్కో రకం, కింద కొంచెం నాచో తడి కాగితమో. ఎండబెట్టడానికి 40–45 డిగ్రీల వేడి, బాగా గాలి ఉంటే సరిపోతుంది, వానాకాలంలో ఎండని నమ్ముకోలేం కాబట్టి బల్బు కింద జల్లెడ మీద పరిచి ఫ్యాన్ పెట్టినా అవుతుంది. గలగలలాడేలా ఎండాక జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో దాచండి. చిన్న ముక్క ఒకటి తాజాగా ఉన్నప్పుడే నేరుగా సిలికా జెల్‌లో వేస్తే, తర్వాత డీఎన్‌ఏ తీయడానికి అది పనికొస్తుంది. అన్నీ పీకేయకండి, రెండు మూడు చాలు, ఒకటి లేతది, ఒకటి ముదిరింది ఉండేలా చూసుకోండి.

మైక్రోస్కోప్ పని మీరు చేయలేకపోయినా ఏం చూస్తామో తెలిస్తే మంచిది. స్పోర్ ప్రింట్ పొడిలోంచి కనీసం 20–30 స్పోర్లు కొలుస్తాం, 1000 రెట్లు పెద్దది చేసి, ఆయిల్ వేసి. పొడవు, వెడల్పు, ఆ రెండిటి నిష్పత్తి, ఎన్ని కోణాలు అన్నది. ఎంటొలోమాల్లో చాలావాటికి పొడవు ఇంచుమించు 8–12 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మధ్య ఉంటుంది. ఎండిన ముక్కని 3–5 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణంలో వేస్తే మళ్లీ ఉబ్బుతుంది, కాంగో రెడ్ అనే రంగు వేస్తే కణాల గోడలు స్పష్టంగా కనిపిస్తాయి. గిల్స్ అంచున ప్రత్యేకమైన కణాలు (సిస్టీడియా) ఉన్నాయా, టోపీ పై పొరలో పోగులు పడుకుని ఉన్నాయా లేచి ఉన్నాయా, రంగు కణం లోపల ఉందా గోడలకి పట్టిందా, పోగుల అతుకుల దగ్గర క్లాంప్ అనే చిన్న బుడిపె ఉందా. జాతులని విడదీసేది చాలామటుకు ఇవే. ఎంటొలోమాలో ఇవి చూడకుండా జాతి పేరు చెప్పేవాళ్లని నేను నమ్మను.

ఇక సెర్రులేటమ్ సంగతి. అది యూరప్‌లో 200 ఏళ్ల నాడు పేరు పెట్టిన జాతి. మన దేశంలో పుట్టగొడుగులకి చాలాకాలం యూరప్ పుస్తకాలు పక్కన పెట్టుకుని, పోలిక కనిపిస్తే ఆ పేరే తగిలించేవాళ్లు, ఎందుకంటే చేతిలో ఉన్న పుస్తకాలు అవే. దక్కన్ పీఠభూమి గడ్డిలో వచ్చేది, చలిదేశపు పచ్చికలో వచ్చేది ఒకటే అనుకోవడానికి గట్టి ఆధారం ఉండాలి. కాలికట్ విశ్వవిద్యాలయానికి చెందిన పి. మణిమోహన్ గారు, నెదర్లాండ్స్‌కి చెందిన ఎంటొలోమా నిపుణుడు నూర్దెలోస్ గారితో కలిసి కేరళ ఎంటొలోమాల మీద పని చేసినప్పుడు ఎన్నో కొత్త జాతులు బయటపడ్డాయి. పోల్చి చూడటానికి మీరు ముందు వెళ్లాల్సింది ఆ కేరళ వర్ణనల దగ్గరికి, యూరప్ పేర్లు తర్వాత.

కొత్త జాతి కావచ్చా అని అడిగారు కదా, అలా చెప్పాలంటే ఏం కావాలో చూద్దాం. ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన శిలీంధ్రాలు సుమారు 1.5 లక్షలు, అసలు ఉన్నవి 22 నుంచి 38 లక్షల దాకా ఉండొచ్చని 2017లో ఒక అంచనా వచ్చింది. కాబట్టి పేరు లేనిది మీ కాలనీ వెనక దొరకడంలో వింతేమీ లేదు. వింత ఏమిటంటే అది నిరూపణ దాకా చేరడం. ఎండిన నమూనా ఒకటి గుర్తింపు ఉన్న హెర్బేరియంలో (ఎండిన నమూనాలు భద్రపరిచే చోట) ఉండాలి, పుణెలో అగార్కర్ పరిశోధన సంస్థలో అజ్రేకర్ శిలీంధ్ర హెర్బేరియం ఉంది, మన హైదరాబాద్‌లోనే బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది. వర్ణన ప్రచురించాలి, 2012 నుంచి లాటిన్ తప్పనిసరి కాదు, ఇంగ్లీషులో రాసినా చెల్లుతుంది. 2013 నుంచి మైకోబ్యాంక్ లాంటి రిజిస్టర్‌లో నంబరు తీసుకోవడం తప్పనిసరి. వీటికి తోడు ఈ రోజుల్లో డీఎన్‌ఏ కూడా అడుగుతారు, శిలీంధ్రాలకి డీఎన్‌ఏలో ఐటీఎస్ అనే భాగాన్ని 2012లో జాతుల్ని గుర్తుపట్టే బార్‌కోడ్‌గా ప్రతిపాదించారు. ఆ భాగంలోని డీఎన్‌ఏ అక్షరాల వరసని డేటాబేస్‌లో పోల్చినప్పుడు పోలిక 97 శాతం కన్నా తక్కువ వస్తే మామూలుగా అదే జాతి అనుకోకూడదు, 99 వచ్చినా కళ్లు మూసుకుని ఒప్పుకోకూడదు. డేటాబేస్‌లో తప్పు పేర్లతో ఉన్న వరసలు చాలా ఉన్నాయి, పైగా ఎంటొలోమాల్లో దగ్గరి జాతుల మధ్య తేడా చాలా తక్కువగా ఉండొచ్చు. వర్ణన, స్పోర్లు, డీఎన్‌ఏ మూడూ ఒకే మాట చెప్తేనే నమ్మండి.

అనుమతుల విషయం మర్చిపోకండి. కేబీఆర్ పార్కు, చిలుకూరు దగ్గర మృగవని, వనస్థలిపురం హరిణ వనస్థలి ఇవన్నీ రక్షిత ప్రాంతాలు, అటవీ శాఖ అనుమతి లేకుండా ఏదీ పీకకూడదు, ఫోటోలతో సరిపెట్టుకోండి. విదేశంలో ఎవరైనా నిపుణుడు నమూనా పంపమంటే సంతోషంగా పోస్టు చేసేయకండి, 2002 జీవవైవిధ్య చట్టం కింద నిబంధనలు ఉన్నాయి, ఏదైనా సంస్థ ద్వారానే వెళ్లండి.

మీ జాగా గురించి కూడా చెప్పాలనిపిస్తోంది. లారీలో తెచ్చిన ఎర్రమట్టి, ఎరువు, కార్పెట్ గడ్డి వేసిన లాన్‌లలో నాకు దొరికేవి ఎప్పుడూ ఒకటే రకాలు: అగ్రోసైబి, పానియోలస్, క్లోరోఫిల్లమ్. ఎంటొలోమాలు దొరికింది చాలావరకు దున్నని, ఎరువు వేయని, పశువులు మాత్రం మేసిన పాత గడ్డి నేలల్లో, రాతిగుట్టల మధ్య కంచెల్లో, బంచరాయి భూముల్లో. యూరప్‌లో కూడా ఇలాగే గమనించి, ఎంటొలోమాలు, మైనపు టోపీల హైగ్రోసైబిలు ఎన్ని రకాలు ఉన్నాయన్నదాన్ని బట్టి ఒక పచ్చిక ఎంత పాతదో, ఎంత కాపాడదగినదో అంచనా వేస్తారు. నత్రజని ఎరువు పడితే ఇవి వెనక్కి పోతాయి. మన దగ్గర అలాంటి నేలని రికార్డుల్లో బంజరు అని రాసి, ఏమీ లేని జాగా కింద లెక్కేస్తారు. అందులో ఏముందో ఎవరూ వర్ణించి పెట్టలేదు, ఆ పని జరగకముందే పునాదులు తవ్వేస్తున్నారు. మీరు వంగి చూసి ఫోటో తీసినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ఈ పుట్టగొడుగులు రెండు మూడు రోజుల కన్నా ఉండవు, ఇప్పటికే పోయి ఉంటే దిగులు పడకండి. మట్టిలో ఉన్న దారాల అల్లిక బతికే ఉంటుంది, అయితే ప్రతి ఏడూ పైకి వస్తుందన్న గ్యారంటీ లేదు. చోటు ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి, ఆగస్టు, సెప్టెంబర్‌లలో రెండు మూడు రోజులు ముసురు పట్టి తెరిపిచ్చినప్పుడల్లా పొద్దున్నే వెళ్లి చూడండి. దొరికితే స్పోర్ ప్రింట్ రంగు, పైన చెప్పిన వర్ణన, నాలుగు ఫోటోలు ఇక్కడే పెట్టండి, స్పోర్లు కొలవడం నేను చేసిపెడతాను. అన్నిటికన్నా ముందు గిల్స్ అంచు దగ్గరగా తీసిన ఫోటో ఒకటి పెట్టండి, ఆ నీలం గీత ఉందో లేదో తెలిస్తే చాలా పేర్లు అక్కడికక్కడే పక్కకి పోతాయి.